చలివేంద్రం కింద నీలం తీగ

ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరం ఒకే రోజు ఉద్యోగాలు పోగొట్టుకున్నాం, నేనూ మా నాన్నా. కారణం ఇరవై బారల నీలం తీగ. అయినా ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె హుషారుగానే కొట్టుకుంటుంది.

మాది నర్సింహులపేట దగ్గర తండా. నేను జనగామలో అమర్ సార్ నడిపే చిన్న కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరుని. జిన్నింగ్ మిల్లులు, రైసు మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, వీటిలో ఉండే కంప్యూటర్లనూ యంత్రాలనూ ఒకదానితో ఒకటి కలపడం, కలిపాక వాటి జోలికి బయటివాళ్లు రాకుండా చూడటం మా పని. మా నాన్న హీరాలాల్‌ది కూడా కాపలా పనే. దంతాలపల్లి రోడ్డు మీద ఉపేందర్ సార్ కోల్డ్ స్టోరేజీలో గేటు దగ్గర పగటి కాపలా.

"నువ్వు కనపడని దొంగలను ఆపుతవు. నేను కనపడేటోళ్లను ఆపుత. జీతం మాత్రం నీకే ఎక్కువ," అని ఏడిపించేవాడు.

ఫిబ్రవరిలో ఉపేందర్ సార్ పని మా కంపెనీకే వచ్చింది. నాలుగు పెద్ద గదులు, వాటి నిండా మిర్చి బస్తాలు. ఏ గది ఎంత చల్లగా ఉందో ఆఫీసులో కంప్యూటర్ తెర మీద కనపడాలి, సార్ హైదరాబాద్‌లో ఉన్నా ఫోన్లో కనపడాలి. నాలుగు రోజులు అక్కడే ఉండి పని చేశాను. బయటి నుంచి వచ్చే దారికి ఫైర్‌వాల్ కట్టాను. లోపలి నెట్‌వర్క్‌ను మూడు అరలుగా విడదీశాను. ఆఫీసు కంప్యూటర్లకు ఒక అర, కెమెరాలకు ఒకటి, గదులను చల్లబరిచే యంత్రాలకు ఒకటి. ఒక అరలోంచి ఇంకో అరలోకి దారి ఉండదు.

"ఇదంత అవసరమా మేడం?" అన్నారు ఉపేందర్ సార్. నన్ను లంగా జాకెట్టులో ఉన్నప్పటినుంచీ ఎరిగిన మనిషి. ఆ 'మేడం'లో సగం వేళాకోళం. "అన్నీ ఒక్కతాన ఉంటే ఏమైతది?"

"తాలుకాయ, మంచికాయ ఒక్క బస్తాల పోస్తరా సార్?"

రంగుపోయి తెల్లబడ్డ మిరపకాయను తాలు అంటారు. ఒక్క దోసెడు తాలు కలిస్తే బస్తా ధర సగానికి పడుతుందని ఆయనకు నేను చెప్పక్కర్లేదు. సంతకం పెట్టేశారు.

పని ముగిసిన రోజు సేవాలాల్ జయంతి. తండాలో నిప్పుల మీద నెయ్యి, బెల్లం వేసే భోగ్ పూజ మొదలవుతోందని అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. చివర్లో నింపాల్సిన పట్టీ ఒకటి ఉంటుంది, చేసిన ప్రతి పనికీ ఎదురుగా ఒక టిక్కు పెట్టాలి. మొత్తం ముప్పై పనులు. యంత్రాల గదిలో నిలబడే ముప్పై టిక్కులు పెట్టి, సంతకం చేసి, మా నాన్న బండి వెనక ఎక్కేశాను. ఆ సాయంత్రం భోగ్ పొగ వాసన ఇప్పటికీ గుర్తుంది. టిక్కులు ఎలా పెట్టానో మాత్రం రెండు నెలల దాకా గుర్తు రాలేదు.

* * *

మార్చి వచ్చేసరికి ఎండ ముదిరింది. మిర్చి దిగడం మొదలైంది. కోల్డ్ స్టోరేజీ గేటు ముందు ట్రాక్టర్ల వరస అర కిలోమీటరు పొడుగు. ఒక్కో రైతు రెండు రోజులు ఆ ఎండలోనే పడిగాపులు.

మా నాన్న ఏటా ఆ గేటు పక్కన, పోయిన మా నాయనమ్మ పేరున చలివేంద్రం పెడతాడు. తాటాకుల పందిరి, తడి ఇసుక మీద నాలుగు మట్టి రంజన్లు, ఒక బల్ల, తను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ. ఆ ఆదివారం మా ముప్పై రెండు బస్తాలు వేసుకుని అమ్మా నేనూ ట్రాక్టర్ మీద వచ్చేసరికి పందిరి కింద కాలు పెట్టే చోటు లేదు. అందరి తలలూ ఫోన్లలోకి వంగి ఉన్నాయి.

"ఏంది బా, నీళ్లకు ఇంతమందా?" అన్నాను. మా లంబాడీల గోర్ బోలీలో నాన్నను 'బా' అంటాం.

నాన్న మీసం దువ్వుకున్నాడు. "ఈ యేడు నీళ్లతోటి ఇంకోటి గూడ పెట్టిన."

పందిరి గుంజకు అట్టముక్క వేలాడుతోంది. మంచినీళ్లు, వైఫై, రెండూ ఉచితం. రెండు గుట్టల మధ్య ఉన్న చోటు కాబట్టి అక్కడ ఫోను సిగ్నల్ సరిగ్గా అందదు. రైతులకేమో ఖమ్మం మార్కెట్లో రేటెంత, ఎనుమాముల రేటెంత అన్న ఆరాటం.

"దూప తీరినంక మనిషికి మతి రేటు మీదికే పోతది," అన్నాడు నాన్న. "పాపం, గుట్టెక్కి చూసి వస్తున్నరు. అందుకే పెట్టిన."

రోజూ ఆ పందిరికి వచ్చే పక్క ఊరి యాకమ్మ అవ్వ, బల్ల మీద కూర్చుని, ఫోను నా ముఖం ముందు పెట్టింది. జనగామ హాస్టల్లో ఉన్న ఆమె మనుమరాలు అందులోంచి నవ్వుతోంది. "మీ నాయిన పుణ్యాన పిల్ల మొఖం చూసిన బిడ్డ. ముందటి పన్ను ఊడిందట. నాతోని జట్టయింది."

నా ఫోను కూడా దానంతటదే ఆ వైఫై అందుకుంది. సంతోషంగా రేటు చూసుకున్నాను. ఉపేందర్ సార్ దయతలచి కనెక్షన్ ఇచ్చి ఉంటారనుకున్నాను. ఎవరి గోడలో ఏ తీగ ఎక్కడికి పోతుందో వెతకడమే బతుకుతెరువుగా ఉన్నదాన్ని, మా నాన్న పందిరిలోకి ఈ వైఫై ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగలేదు. రెండు గ్లాసుల నీళ్లు తాగి, మా బస్తాలు మూడో గదిలోకి వెళ్లేదాకా ఉండి, జనగామ బస్సెక్కాను.

* * *

ఏప్రిల్ రెండో శుక్రవారం, పొద్దున ఏడున్నరకు మొగిలన్న ఫోన్. కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు నడిపే పెద్దాయన. రఘునాథపల్లిలో మేనకోడలి పెళ్లికని రెండు రోజులు సెలవు పెట్టి, ఆ పొద్దునే పనిలోకి వచ్చాడు.

"జమునా, పైపుకు చెమట పట్టింది బిడ్డ."

"అంటే?"

"మంచు ఉండాలె దాని మీద. గీకితే గోళ్లల్ల ఇరుక్కునేంత మంచు. ఇప్పుడు ఉత్త తడి ఉన్నది."

"తెర మీద ఎంత చూపిస్తుంది?"

"ఐదు డిగ్రీలు. నేను లేని రెండు దినాలు నా జాగల ఉన్నోడు తెరనే చూసుకుంట కూసున్నడు. తెర చెప్పేది నిజం గాదు. నేను చేతితోని పట్టి చూసిన."

ముప్పై ఏళ్లుగా ఆయన పొద్దున్నే మొదట చేసే పని అరచేతిని పైపుకు ఆనించడం. కంప్యూటర్ పెట్టినప్పుడు ఆ అలవాటు చూసి నవ్వుకున్నదాన్ని. ఇప్పుడు నవ్వు రాలేదు. బండి తీశాను.

తొమ్మిదిన్నరకు నేను చేరేసరికి మొగిలన్న మూడో గదిలోంచి బయటికి వస్తున్నాడు, చేతిలో పాత గాజు థర్మామీటర్. పదహారు డిగ్రీలు. ఆఫీసులో తెర మీద అప్పటికీ ఐదే. ఉపేందర్ సార్ ఒకసారి థర్మామీటర్ వంక, ఒకసారి తెర వంక చూస్తున్నారు. మా కళ్ల ముందే తెర నల్లబడింది. దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. రెండు గంటల్లో అడిగిన సొమ్ము పంపకపోతే నాలుగు గదుల యంత్రాలూ ఆగిపోతాయి, లోపలి పట్టికలన్నీ చెరిగిపోతాయి. పోలీసులకు చెప్పినా, తీగలు పీకినా అదే క్షణంలో చెరిపేస్తాం.

ఉపేందర్ సార్ కుర్చీలో కూలబడ్డారు. "పట్టిక పోతే ఎట్ల?"

ఆయన భయం నాకు అర్థమైంది. పందొమ్మిది వేల బస్తాలు. అన్నీ ఒకే రంగు గోనె, ఒకే కట్టు. ఏ వరసలో ఏ రైతువి ఉన్నాయో చెప్పేది ఆ కంప్యూటర్ ఒక్కటే. యంత్రాలను చూసే కంప్యూటర్లోనే ఆ పట్టిక కూడా ఉండాలని పట్టుబట్టింది ఆయనే. ఇక వేడెక్కిన మిర్చికి సాయంత్రానికి చెమట పడితే ఎల్లుండికల్లా బూజు. ఆ బస్తాల్లో ముప్పై రెండు మావి. అమ్మ ఏడాది నడుము నొప్పి మొత్తం మూడో గదిలోనే ఉంది.

"మొగిలన్నా, గ్యాసు వదిలే పాత చక్రాలు, చేతితోని తిప్పేటివి, పని చేస్తయా?"

"సారు వాటిని పాతసామాన్ల కింద అమ్మమన్నడు. నేనే అమ్మలే. వారంవారం నూనె పోస్తున్న."

"తిప్పు. కాకపోతే యంత్రాల తీగ మాత్రం పీకద్దు. గీ పని చేస్తున్నోనికి తెలుస్తది."

ఉపేందర్ సార్ చొక్కా చేతులు మడుచుకుని మొగిలన్న వెనక పోయారు. ఒక చక్రం ఆయన, ఒక చక్రం మొగిలన్న. గోడ అవతల, గదులను చల్లబరిచే అమ్మోనియా పైపుల్లో బుసకొట్టిన చప్పుడు వినిపించింది. మిర్చి బతకడానికి కొంత గడువు దొరికింది. ఇక వాణ్ణి పట్టాలి.

అమర్ సార్‌కు ఫోన్ చేశాను. "ఫైర్‌వాల్ చూడు," అన్నారు.

చూశాను. వారం రోజుల లెక్కలు మొత్తం గాలించాను. బయటి నుంచి తట్టినవాళ్లు వందల్లో ఉన్నారు. లోపలికి అడుగుపెట్టినవాడు ఒక్కడూ లేడు. నేను కట్టిన గోడకు గీత కూడా పడలేదు. భయం మధ్యలోనే ఒళ్లంతా ఒక విద్యుత్తు పాకినట్టయింది.

"సార్, బయటి నుంచి ఎవ్వరూ రాలేదు."

అమర్ సార్ గొంతు తగ్గించారు. "అంటే లోపలే ఉన్నడు."

తీగలన్నీ వచ్చి కలిసే పెట్టెను స్విచ్ అంటాం. దానికి ఇరవై నాలుగు గళ్లు. ఏ గడి వెనక ఎన్ని పరికరాలున్నాయో నా ల్యాప్‌టాప్ మీద వరసగా కనపడుతుంది. ఆఫీసు స్విచ్ సరిగ్గా ఉంది. కెమెరాల స్విచ్ సరిగ్గా ఉంది. యంత్రాల గదిలోని స్విచ్ తెరిచాను. ఒకటి నుంచి ఆరు దాకా నేను పెట్టినవే, గడికొక యంత్రం. ఏడో గడి ఖాళీగా ఉండాలి.

ఏడో గడి వెనక నలభై ఒక్క పరికరాలు ఉన్నాయి.

పరుగున యంత్రాల గదిలోకి పోయాను. మొగిలన్న పనిచేసే చోటు కాబట్టి ఆ తలుపుకు పగలు తాళం ఉండదు. ఏడో గడిలో నీలం తీగ, టక్కుమని కూర్చునేలా చక్కగా గుచ్చి ఉంది. ఎవరో శ్రద్ధగల మనిషి చేసిన పని. తీగ వెంట నడిచాను. అమ్మోనియా ట్యాంకు వెనక నుంచి, గోడకున్న బొక్కలోంచి, ఎలుకలు రాకుండా దానికి కుక్కిన గోనెగుడ్డల్లోంచి బయటికి. ప్రహరీ గోడ అంచు వెంబడి ఇటుక ముక్కల కింద దాచి దాచి, గేటు దాకా. అక్కణ్ణుంచి తాటాకుల్లోకి.

పందిరి కింద, రంజన్ల వెనక, ఎర్రగుడ్డ కప్పిన వైఫై డబ్బా. గుడ్డ కొస ఎత్తి చూశాను. డబ్బా మీద మాసిన స్టిక్కర్, దాని మీద నా చేతిరాత. గది నంబరు పన్నెండు. కాలేజీ హాస్టల్లో నేను వాడి, ఇంట్లో పడేసిన డబ్బా.

నాన్న ముంతతో నీళ్లు పోస్తూ నన్ను చూసి నవ్వాడు. "వచ్చినవా? లోపల ఏంది లొల్లి?"

నేను పందిరంతా కలయజూశాను. నలభై మంది ఫోన్లు చూసుకుంటున్నారు. నాన్న కుర్చీలో మాత్రం తెల్లచొక్కా మనిషి ఒకడు, ఒళ్లో ల్యాప్‌టాప్. చెవుల్లో తీగలు. చెట్టు నీడన తెల్లకారు.

గ్లాసు అందుకుని నీళ్లు తాగాను. తాగుతూనే గోర్ బోలీలో, రేపు ఇంటికి ఏం తేవాలో మాట్లాడుకుంటున్నట్టు, మామూలు గొంతుతో అడిగాను.

"బా, నా దిక్కే చూడు. కుర్చీల ఉన్నాయన ఎన్ని దినాల నుంచి వస్తున్నడు?"

"మూడు దినాలు. మార్కెట్ రిపోర్టులు రాసే సారట. మంచోడు. నా కుర్చీ ఇచ్చిన."

"ఆయన్ను ఇంకో అర్ధగంట లేవనియ్యకు."

"ఎందుకే?"

"మన ముప్పై రెండు బస్తాలు ఆయన చేతుల ఉన్నయి."

నాన్న ముఖంలో ఏమీ మారలేదు. ముంత మాత్రం రంజన్ అంచుకు ఒకసారి తగిలి చప్పుడైంది. గ్లాసు నింపుకుని నేరుగా తెల్లచొక్కా దగ్గరికి పోయాడు.

"సారు, ఇంకో గ్లాసు తాగుండ్రి. ఇయ్యాల అంబలి గూడ పోయిస్తున్న. తాగకపోతే మా అమ్మ పేరు మీద పెట్టిన పందిరిని చిన్నచూపు చూసినట్టే."

"వద్దు, పనిలో ఉన్నాను," అన్నాడతను తల ఎత్తకుండా.

"పని ఏడికి పోతది సారు," అంది యాకమ్మ అవ్వ. ఆమెకు ఏమీ తెలియదు, అతిథి వద్దనడం ఆమెకు నచ్చలేదు, అంతే. "గింత ఎండల పెద్దమనిషి చేతులెత్తి ఇస్తుంటే వద్దంటరా?"

నలభై జతల కళ్లు ఫోన్ల మీద నుంచి లేచాయి. తెల్లచొక్కా గ్లాసు అందుకోక తప్పలేదు.

* * *

లోపలికి ఎలా పోయానో తెలియదు. వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. ఏడో గడిని ఊరికే మూసేస్తే పట్టిక దక్కుతుంది, కానీ అతను ఆ క్షణమే లేచి మాయమవుతాడు, చేసింది అతనే అనడానికి రుజువూ ఉండదు. మూయకుండా ఆపాలి. ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన గుర్తొస్తే ఇప్పటికీ చప్పట్లు కొట్టుకోవాలనిపిస్తుంది.

నాలుగో అర ఒకటి కొత్తగా కట్టాను. ఖాళీ అర. అందులో ఆఫీసు పాత ల్యాప్‌టాప్ ఒకటి పెట్టి, దానికి అసలు కంప్యూటర్ చిరునామా, అసలు కంప్యూటర్ ముఖమూ తగిలించాను. పైకి అదే పేరు, అవే గదులు, అదే ఐదు డిగ్రీలు. లోపల అంతా తాలే. అతను దాని మీద ఏం కొట్టినా అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం ఒక్కటే దాని పని. పంచదార కోసం వచ్చిన చీమకు ఖాళీ డబ్బా పెట్టినట్టు. రైతులకు మాత్రం రేట్లు చూసుకునే దారి వదిలాను.

ఇక ఏడో గడిని పాత అర నుంచి కొత్త అరకు మార్చాలి. మార్చేటప్పుడు మూడు సెకన్లు అందరికీ వైఫై ఆగుతుంది. ఆ మూడు సెకన్లలో అతనికి అనుమానం వస్తే లేచి పోతాడు.

మీట నొక్కాను.

కిటికీలోంచి పందిరి గోల వినిపించింది. "హీరన్నా, వైఫై పోయింది."

"వస్తది, వస్తది," నాన్న గొంతు. "రంజన్ నింపేటప్పుడు రోజూ గట్లనే పోతది. జర ఆగుండ్రి."

జీవితంలో అంత అడ్డగోలు అబద్ధం ఎవరి నోటా వినలేదు. నలభై మందీ నమ్మారు. నా తెర మీద ఒకటి, ఐదు, ఇరవై, ఒక్కొక్క ఫోనే కొత్త అరలోకి వచ్చి చేరుతోంది. ముప్పై తొమ్మిది. నలభై. ఆఖరిది రావడం లేదు. అప్పుడు వచ్చింది, నలభై ఒకటోది. మరో నిమిషానికి పాత ల్యాప్‌టాప్ మీద అక్షరాలు వరస కట్టాయి. అతను లోపలికి వచ్చానని అనుకుంటూ వచ్చాడు. గదులు చూశాడు. పట్టిక కోసం వెతికాడు. గడువుకు ఇంకా ముప్పావుగంట ఉండగానే, తన మాటకు తానే విలువ ఇవ్వని మనిషినని తేలుస్తూ, చెరిపివేసే ఆదేశం కొట్టాడు.

ఖాళీ డబ్బా బుద్ధిగా 'చెరిపేశాను' అని జవాబిచ్చింది. అసలు పట్టిక పక్క కంప్యూటర్లో చెక్కుచెదరకుండా ఉంది.

"సార్, ఇప్పుడు పోలీసులకు చెయ్యండి," అన్నాను. ఉపేందర్ సార్ చక్రం తిప్పిన నూనె చేతులతోనే ఫోన్ అందుకున్నారు.

నేను గేటు దగ్గరికి పోయేసరికి తెల్లచొక్కా లేచి నిలబడి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటున్నాడు. నాన్న నా ముఖం చూశాడు. తల ఊపాను. నాన్న గేటు మధ్యకు పోయి చెయ్యెత్తి, రోజూ పెట్టే కేకే పెట్టాడు.

"వరస కదులుతుంది. జరుపుండ్రి, జరుపుండ్రి."

రెండు రోజులుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న రైతులు. పదకొండు ట్రాక్టర్లు ఒక్కసారి కదిలాయి. తెల్లకారుకు ముందు ఒక మిర్చి లోడు, వెనక ఒక లోడు, పక్కన ఒకటి. అతను హారన్ కొట్టాడు. కిందికి దిగి అరిచాడు. చివరికి కారులోనే కూర్చున్నాడు, అద్దాలెత్తుకుని. పోలీసులు వచ్చేదాకా మిర్చి ఘాటుకు తుమ్ముతూనే ఉన్నాడు.

యంత్రాలు అమర్చే కంపెనీలో పనిచేసి, మానేసిన మనిషట. జనగామ వైపు రెండు జిన్నింగ్ మిల్లుల్లో అప్పటికే ఇదే పని చేశాడు. వాళ్లు పరువు పోతుందని నోరు మూసుకుని సొమ్మిచ్చారు. ఇక్కడ ఫైర్‌వాల్ దాటలేక కొన్నాళ్లు రోడ్డు మీద తిరిగి, దాహమేసి నీళ్లకు ఆగితే, పందిరి వైఫై అతన్ని నేరుగా యంత్రాల అరలోకి తీసుకుపోయింది.

* * *

మధ్యాహ్నానికి పైపు మీద మళ్లీ మంచు పేరుకుంది. మొగిలన్న గోటితో గీకి నాకు చూపించాడు. అందరం నవ్వుతున్నాం. ఉపేందర్ సార్ నీలం తీగను చేతికి చుట్టుకుంటూ వచ్చారు.

"గిది ఎవరు పెట్టిండ్రు?"

నాన్న ముంత పక్కన పెట్టాడు. "నేనే పెట్టిన సారు."

"నీకెట్ల వచ్చు?"

"బిడ్డ పెడుతుంటే చూసిన. బొక్కల పెట్టంగనే పచ్చదీపం వెలిగింది. వెలిగితే మంచిదే గదా అనుకున్న."

సార్ తీగ చుట్టను బల్ల మీద పెట్టారు. తర్వాత, గొంతు పెంచకుండానే, రేపటినుంచి రావద్దన్నారు.

అప్పుడే అమర్ సార్ ఫోన్. "శభాష్ జమునా. రిపోర్టు సాయంత్రానికి పంపు. గేటుమనిషి తెలివితక్కువతనం అని ఒక్క ముక్క రాయి, చాలు. మన పేరు శుభ్రం."

పందిరి కింద ఖాళీ కుర్చీలో కూర్చుని ఫిబ్రవరి పట్టీ తెరిచాను. పందొమ్మిదో పని: వాడని గళ్లన్నీ మూసివేయుట. ఎదురుగా టిక్కు. నేను మూసి ఉంటే ఆ పచ్చదీపం వెలిగేదే కాదు. ఎంత శ్రద్ధగా గుచ్చినా ఆ తీగ ఉత్త తాడులా ఉండేది.

రిపోర్టులో మొదటి వాక్యంగా దాన్ని రాశాను. రెండో వాక్యంలో నా పేరు రాశాను. ఒకటి అమర్ సార్‌కు, ఒకటి ఉపేందర్ సార్‌కు పంపి, రంజన్లో మిగిలిన నీళ్లు తాగాను. సాయంత్రం ఆరింటికి అమర్ సార్ నుంచి కూడా రావద్దనే కబురు వచ్చింది.

బండి మీద ఇంటికి పోతున్నంతసేపూ నాన్న ఒక్కటే అడిగాడు. "నా ఒక్కని పేరు రాస్తే నీ నౌకరి ఉండేది గదా?"

"బొక్క తెరిచి పెట్టింది నేను బా."

ఇంటి ముందు ఎర్రగా పరిచిన ఆఖరి కోత మిర్చి. అమ్మ సంగతంతా విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. "ఇద్దరు కాపలాదార్లు, ఇద్దరికీ పని లేదు. మంచిగున్నది. రేపటి సంది తాలు ఏరుండ్రి. కూలి మనుషులు దొరకక చస్తున్న."

మూడు వారాలు ఏరాం. కళ్లు మండేవి, ముక్కులు కారేవి. నాన్న ఏరుతుంటే చూసి ఆశ్చర్యపోయేదాన్ని. కుప్పంతా గెలకడు. ఎక్కడ తేమ తగిలి ఉంటుందో ముందే చూసి, అక్కడే చెయ్యి పెడతాడు. పెట్టిన చోట తాలు ఉంటుంది.

మే నెలలో ఒక పొద్దున ఉపేందర్ సార్ కారు తండాలోకి వచ్చింది. ఆయన చేతిలో నా రిపోర్టు, నలిగిపోయి ఉంది.

"మా బామ్మర్దికి జనగామల జిన్నింగ్ మిల్లు ఉన్నది. ఆ దొంగకు పైసలిచ్చి నోరు మూసుకున్నోడు వీడు గూడ. గిది చదివిండు. నలుగురికి పంపిండు. తన తప్పు మొదలు రాసినోళ్లనే నమ్ముతనంటున్నడు, నిన్ను పంపమంటున్నడు." నాన్న వైపు తిరిగారు. "హీరాలాల్, నువ్వు గూడ రా. గేటుకాడ నీళ్లు లేక రైతులు నన్ను తిడుతున్నరు. వైఫైకి వేరే తీగ వేపిస్త."

నాన్న చేతిలోని తాలు పక్కకు వేశాడు. "తీగ వేపియ్యుండ్రి సారు, పందిరి నేను కట్టి వస్త. గేటుకు మాత్రం రాను. బిడ్డకాడ పని దొరికింది."

నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

* * *

జూన్ రెండో వారం, తొలి మబ్బులు పట్టిన రోజు. మహబూబాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని నా పేరు మీద బోర్డు పెట్టిన తర్వాత మాకు దొరికిన మూడో పని భూపాలపల్లిలో, బొగ్గు లారీలు నడిపే కాంట్రాక్టరు ఆఫీసు. లారీల లెక్కలు ఎవరో లోపలి నుంచి మారుస్తున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ముగ్గురు ఇంజనీర్లు రెండు రోజులుగా ల్యాప్‌టాప్‌లు ముందేసుకుని కూర్చున్నారు. నేను కూడా ఒకటి తెరిచాను. మూడు అంతస్తులు, ఐదు స్విచ్‌లు, వందల తీగలు.

నాన్న కొత్త చొక్కా సర్దుకుంటూ కాసేపు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ ముగ్గురూ ఆయన్ను ఆఫీసు బాయ్ అనుకున్నారు. ఒకతను ఖాళీ కప్పు కూడా అందించాడు. నాన్న మర్యాదగా అందుకుని అక్కడ పెట్టేసి, కాంట్రాక్టరు వైపు తిరిగాడు.

"సారు, ఎండ తగిలినప్పుడు మీ డ్రైవర్లు నీళ్లు ఏడ తాగుతరు?"

మెట్ల కింద, వెనక వైపు షెడ్డులో, అన్నాడాయన అయోమయంగా. నాన్న అటు నడిచాడు. నేను వెనకే పోయాను. నీళ్ల డ్రమ్ము, దాని పక్కన బల్ల, బల్ల నీడలో చల్లటి మూల. నాన్న వంగి డ్రమ్ము వెనక చెయ్యి పెట్టాడు. మిర్చి కుప్పలో పెట్టినట్టే.

చెయ్యి బయటికి వచ్చేసరికి రెండు వేళ్ల మధ్య తెల్లటి తీగ.

నేను దాన్ని పట్టుకోబోయాను. నాన్న గోర్ బోలీలో, ఎవరూ తిరిగి చూడనంత మామూలుగా అన్నాడు.

"పీకకు బేటీ. ముందు ఎవరు కూసుంటరో చూద్దాం."

డ్రమ్ములోంచి ఒక గ్లాసు ముంచి నాకిచ్చి, ఇంకో గ్లాసు తను తీసుకుని, బల్ల మీద తీరిగ్గా కూర్చున్నాడు.